కంచె వేయండి, ఎప్పుడు తీస్తారో కూడా రాయండి

వాణిజ్య, ఆర్థిక శాఖల్లో దిగుమతి సుంకాల పట్టిక తయారుచేసే అధికారులకు, వారికి సలహాలిచ్చే ఆర్థికవేత్తలకు,

నమస్కారం.

రెండేళ్లలో మూడు వినతిపత్రాలు పంపాం. మొదటి రెండింటికీ అందినట్టు రసీదు వచ్చింది. మూడోదానికి రెండు వాక్యాల జవాబు వచ్చింది. వినియోగదారుల ప్రయోజనం దృష్ట్యా సుంకం పెంచే ఆలోచన ప్రస్తుతానికి లేదట, మా సూచనలకు ధన్యవాదాలట. మేం పంపినవి సూచనలు కావు, ప్రశ్నలు. వాటిలో ఒక్కదానికీ అందులో సమాధానం లేదు. అందుకే ఈసారి ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాం.

మీ పని తేలికని మేం అనుకోవడం లేదు. వేల రకాల సరుకులకు ఒక్కోదానికీ ఒక అంకె వేయాలి. ఏ అంకె వేసినా ఎవరో ఒకరు మీ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడతారు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాం.

మేం ప్రెస్ టూల్స్, డైలు చేసేవాళ్లం. ఫ్యాన్ మోటారు లోపలి రేకులు, కారు తలుపు, స్విచ్ బాక్సు, ఇలా రేకుని కోసి వంచి చేసే ప్రతి వస్తువు వెనకా ఒక డై, అంటే ఆ ఆకారం తెచ్చే ఉక్కు అచ్చు, ఉంటుంది. మా ఫ్యాక్టరీలో ఆ డైలూ చేసేవాళ్లం, వాటితో విడిభాగాలూ కొట్టేవాళ్లం. అది మూతపడి ఆరేళ్లయింది. టూల్‌రూమ్‌లో 38 మందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు నలుగురం ఒక అద్దె షెడ్డులో రిపేరు పనులు చేసుకుంటున్నాం.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి, మీ పట్టికలో అది కనిపించదు కాబట్టి. ఒక మిల్లీమీటరు రేకుని కోసే డైలో పైనుంచి దిగి కోసే పంచ్‌కీ, కింద ఉండే డైకీ మధ్య ఒక్కో పక్క ఖాళీ 0.05 మిల్లీమీటరు దగ్గర ఉండాలి. తల వెంట్రుక కూడా పట్టనంత సందు. అది ఎక్కువైతే ముక్క అంచున గరుకు లేచి చెయ్యి కోసుకుపోతుంది. తక్కువైతే పంచ్ విరుగుతుంది. కంప్యూటర్‌లో గీసి, మెషీన్ మీద కోసి, వేడిచేసి గట్టిపరచడానికి (హార్డెనింగ్) ఇచ్చి తెచ్చాక కూడా స్టీలు తన బుద్ధి పోనిచ్చుకోదు, ఎక్కడో కాస్త వంగుతుంది. అప్పుడు పల్చటి కాగితం పెట్టి పంచ్‌ని మెల్లగా చేత్తో దింపుతాం. కాగితం చుట్టూతా ఒకేలా తెగితే కుదిరినట్టు. ఒక మూల శుభ్రంగా తెగి ఎదుటి మూల చిరిగినట్టు ఉంటే, ఎటు ఎంత జరపాలో ఆ చిరుగు చూసి చెప్పాలి. చదివితే వచ్చే పని కాదు. వచ్చినవాడి పక్కన అయిదారేళ్లు నిలబడితే వస్తుంది.

బయటినుంచి వచ్చే విడిభాగం ధర మేం కొనే రేకు ఖర్చుకన్నా తక్కువకి దిగింది. రేకు ఖర్చు మాత్రమే, కూలీ, కరెంటు కలపకుండా. మూడేళ్లు తట్టుకున్నాం. మూసిన రోజున మెషీన్లు వేలంలో పోయాయి. అల్మారాల నిండా ఉన్న డైలు ఇనుప తుక్కు కింద కిలోల లెక్కన తూకానికి వెళ్లాయి. వాటిలో ఒక్కోటి మూడు, నాలుగు నెలల పని. తూకం రాసుకున్నవాడి తప్పేం లేదు, అతనికి అది ఇనుమే.

మీ జవాబులో ఉన్న "వినియోగదారుల ప్రయోజనం" దగ్గరే మొదలుపెడతాం.

1. చౌకగా కొనేవాడూ పని పోగొట్టుకునేవాడూ వేరువేరు మనుషులు కారు.

మీ లెక్కల్లో వినియోగదారుడు ఒక వరసలో, కార్మికుడు ఇంకో వరసలో ఉంటారు. ఇంట్లో మాత్రం ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చుంటారు. వస్తువు పది శాతం చౌకైతే సంతోషమే. జీతమే ఆగిపోయినవాడికి ఆ పది శాతం ఏం చేసుకోవాలి?

ఇది మా ఏడుపు మాత్రమే అనుకుంటారేమో, మీ వృత్తిలోని వాళ్ల లెక్కే చెబుతాం. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. ఆ దిగుమతులు అమెరికాలో ఏ ప్రాంతం మీద ఎంత పడ్డాయో డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ అనే ఆర్థికవేత్తలు ప్రాంతాలవారీగా లెక్కతీశారు. వాళ్లూ సహచరులూ కలిసి తేల్చిందేమిటంటే, 1999 నుంచి 2011 దాకా ఆ పోటీ వల్ల పోయిన ఉద్యోగాలు 20 లక్షల నుంచి 24 లక్షలు. 2000లో ఆ దేశంలో తయారీ రంగంలో 1.7 కోట్ల మంది పనిచేసేవారు, 2010కి 1.15 కోట్లకు పడిపోయారు. అదంతా దిగుమతుల వల్లే అనడం లేదు. యంత్రాలు కొంత, 2008 మాంద్యం కొంత తిన్నాయి.

మమ్మల్ని ఆపేసింది అంకె కాదు, ఆ తర్వాతి సంగతి. ఒక పని పోతే మనిషి ఇంకో ఊరికో ఇంకో రంగానికో వెళతాడని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఎక్కువమంది వెళ్లలేదు. పదేళ్లు గడిచినా ఆ ప్రాంతాల్లో జీతాలు కోలుకోలేదు. వైకల్య భృతికి దరఖాస్తులు పెరిగాయి, యువకుల పెళ్లిళ్లు తగ్గాయి. ఇల్లు అమ్ముదామంటే కొనేవాడూ పని పోయినవాడే అయితే ఎక్కడికి వెళతాడు? లాభం కోట్ల మందికి చిల్లరగా అందింది. నష్టం మాత్రం కొన్ని ఊళ్ల నెత్తిన ఒక్కసారే పడింది. రెండూ కూడి తీసివేసి "నికర లాభం" అని రాస్తే లెక్క సరిపోతుందేమో కానీ, ఆ చిల్లర పోగుచేసి ఆ ఊళ్లకు ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు.

2. మూసిన ఫ్యాక్టరీని సుంకం పెంచిన మర్నాడు తెరవలేం.

"ఇప్పుడు చౌకగా కొందాం, అవసరమైతే అప్పుడు తయారుచేసుకుందాం" అనే మాట సమావేశాల్లో చాలాసార్లు విన్నాం. ఆ "అప్పుడు"కి ఎవరు మిగులుతారన్నదే మా ప్రశ్న.

నియోడిమియం అయస్కాంతం సంగతి చూడండి. చిన్న ముక్కలోనే గట్టి బలం ఉంటుంది. చాలా ఎలక్ట్రిక్ కార్ల మోటార్లూ, ఎన్నో గాలిమరలూ దాని మీదే నడుస్తాయి. 1980ల మొదట్లో జపాన్‌లో సుమితొమో, అమెరికాలో జనరల్ మోటార్స్ దాదాపు ఒకే సమయంలో దాన్ని కనిపెట్టాయి. జనరల్ మోటార్స్ అందుకోసం మాగ్నిక్వెంచ్ అనే విభాగమే పెట్టి, 1995లో అమ్మేసింది. కొన్న బృందంలో చైనా సంస్థలు ఉన్నాయి. పదేళ్లు తిరిగేసరికి అమెరికాలోని తయారీ చైనాకి తరలిపోయింది. ఆ అయస్కాంతానికి కావాల్సిన ఖనిజం తవ్వే అమెరికా గని మౌంటెన్ పాస్ కూడా 2002లో మూతపడింది. తర్వాత గని తెరిచారు, కానీ తవ్విన ఖనిజాన్ని శుద్ధి చేసే పరిశ్రమ అక్కడ మిగలలేదు. ఏళ్ల తరబడి చైనాకే పంపాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో చైనా ఈ అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేయగానే కొన్ని కార్ల ఫ్యాక్టరీల్లో లైన్లు ఆగిపోయాయి. కనిపెట్టిన దేశమే క్యూలో నిలబడింది.

సుంకం ఒక్కటే వేసుంటే ఇదంతా ఆగిపోయేదని అనం. కానీ అమ్మిన రోజున మిగిలిందని లెక్కలో రాసుకున్న డబ్బెంత, ఇప్పుడు తిరిగి నిలబెట్టడానికి పెడుతున్న ఖర్చెంత అని ఎవరైనా పక్కపక్కన పెట్టి చూశారా?

మా దగ్గరా చిన్న ఎత్తున జరిగింది అదే. 38 మందిలో ఒకరిద్దరు కార్లు నడుపుతున్నారు, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు, మిగతావాళ్లు దొరికిన పనిలో ఉన్నారు. కాగితం చిరుగు చూసి చెప్పగల కళ్లు ఇప్పుడు ఏదో గేటు దగ్గర రిజిస్టరు చూస్తున్నాయి. వాళ్ల పిల్లల్లో ఒక్కరూ ఈ పనికి రాలేదు. రమ్మని చెప్పే ధైర్యం మాకూ లేదు.

3. చౌక ధరలన్నీ నైపుణ్యం వల్ల వచ్చినవి కావు.

మాకన్నా బాగా, మాకన్నా తక్కువ వృథాతో చేసి ఎవరైనా చౌకగా అమ్మితే ఓడిపోవడం న్యాయమే. నేర్చుకుంటాం, లేదా తప్పుకుంటాం. కానీ ఎదుటివాడికి ప్రభుత్వ బ్యాంకు అప్పిచ్చి, భూమి ఇచ్చి, నష్టం వచ్చినా నడిపించమంటే అది పోటీ ఎలా అవుతుంది? మేం పోటీపడేది ఇంకో టూల్‌రూమ్‌తో కాదు, ఒక ఖజానాతో.

జర్మనీ 2000లో సౌర విద్యుత్తుకి హామీ ధర ఇచ్చే చట్టం తెచ్చింది. ప్యానెళ్లకు ఇప్పుడున్న మార్కెట్‌ని ఒక విధంగా పుట్టించింది ఆ చట్టమే. గిరాకీ అయితే పుట్టించారు కానీ తయారీని కాపాడే విషయంలో అటూ ఇటూ ఊగారు. యూరప్ 2013లో చైనా ప్యానెళ్ల మీద సుంకాలు వేసింది. కనీస ధర ఒప్పుకున్న కంపెనీలకు మినహాయింపు ఇచ్చింది. 2018లో మొత్తం ఎత్తేసింది. జర్మనీలో పెద్ద తయారీదారు సోలార్‌వరల్డ్ అప్పటికి ఏడాది ముందే దివాలా తీసింది. ఇప్పుడు ప్యానెల్ తయారీలో ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం పైమాటే. ప్యానెళ్లు చౌకవడం లోకానికి మేలే, కాదనం. కానీ ఒక్క దేశం తలుపు వేసుకుంటే మిగతా లోకమంతా చీకట్లో కూర్చోవాల్సిన ఏర్పాటుని "సమర్థత" అని పిలవడమే మాకు మింగుడుపడటం లేదు.

4. ఆపద వచ్చిన రోజు డబ్బున్నా సరుకు దొరకదు.

2020లో మాస్కుల కోసం, వెంటిలేటర్ల కోసం దేశాలు ఎలా కొట్టుకున్నాయో మీరే చూశారు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి పాఠాలు చెప్పిన దేశాలు కూడా మొదటి వారాల్లోనే ఎగుమతులు ఆపేశాయి. మరుసటి ఏడు చిన్న చిప్ దొరక్క కార్ల ఫ్యాక్టరీలు నిలిచిపోయాయి. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

5. ముందు వెళ్లినవాళ్లు ఏ దారిన వెళ్లారో చూడండి.

ఎవరికి ఏది బాగా వస్తే అదే చేసుకోవాలని మాకు చెప్పేటప్పుడల్లా మీరు ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డోని గుర్తుచేస్తారు. 1817లో ఆయన వేసిన లెక్కలో బట్ట నేయడానికి ఇంగ్లండ్‌కి 100 మంది కావాలి, పోర్చుగల్‌కి 90 మంది చాలు. వైన్ తీయడానికి ఇంగ్లండ్‌కి 120 మంది, పోర్చుగల్‌కి 80. అంటే పోర్చుగల్‌కి రెండూ బాగా వచ్చు. అయినా వైన్ మాత్రమే చేసుకుని బట్ట ఇంగ్లండ్ దగ్గర కొనుక్కుంటే ఇద్దరికీ లాభమని తేల్చాడు. ఆ ఏడాదికి లెక్క తప్పు కాదు. కానీ బట్ట నేసేచోట మగ్గం బాగుచేసేవాడు పుడతాడు, వాడి కొడుకు ఆవిరి యంత్రం బిగిస్తాడు, వాడి శిష్యుడు లేత్ చేస్తాడు. ద్రాక్షతోటలో ఆ వరస పుట్టదు. ఆ లెక్కలో మనుషుల సంఖ్య ఉంది, వాళ్లు పనిచేస్తూ నేర్చుకునేదానికి చోటు లేదు.

అసలు ఇంగ్లండ్ తాను ఏం చేసింది? భారతదేశపు అద్దకం బట్టలు అక్కడి జనం ఎగబడి కొంటుంటే 1700లో వాటి దిగుమతిని నిషేధించింది. అదీ చాలక 1721లో కలికో అనే ఆ అద్దకం నూలు బట్ట కట్టుకోవడమే చాలావరకు నేరం చేసింది. వినియోగదారుల ప్రయోజనం అన్న మాట అప్పట్లో ఎవరికీ గుర్తురాలేదు కాబోలు. ఆ నీడలో మిల్లులు పెరిగాయి. 1824లో కూడా భారతీయ కలికో మీద బ్రిటన్‌లో సుంకం 67 శాతం దాటి ఉండేది. అదే బ్రిటన్ మిల్లు బట్ట భారతదేశంలో దిగేటప్పుడు కట్టేది మూడు శాతం అటూ ఇటూ. లోకంలో తమను మించినవాడు లేడని తేలాక, 1846లో దిగుమతి ధాన్యం మీద సుంకాలు వేసే ధాన్యం చట్టాలు రద్దుచేసి, స్వేచ్ఛా వాణిజ్యమే ధర్మమని అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. జర్మనీకి చెందిన ఆర్థికవేత్త ఫ్రెడ్రిక్ లిస్ట్ 1841లోనే ఇదే మాట అన్నాడు. పైకెక్కినవాడు తాను ఎక్కిన నిచ్చెనని తన్నేస్తాడు, వెనక వచ్చేవాడికి అది దొరక్కుండా.

అమెరికా అయితే దాచుకోనే లేదు. అక్కడి మొదటి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791లో కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) ముందు పెట్టిన నివేదికలో కొత్తగా పుట్టిన పరిశ్రమలకు రక్షణ ఇవ్వాలని రాశాడు. అంతర్యుద్ధం తర్వాత దశాబ్దాలపాటు సుంకం పడే సరుకుల మీద అక్కడి సగటు 40 నుంచి 50 శాతం. ఆ గోడ లోపలే అది ప్రపంచంలో అతిపెద్ద పారిశ్రామిక దేశమైంది.

జపాన్ కథ మాకు ఎక్కువ ఇష్టం, అందులో మా టూల్‌రూమ్ వాసన ఉంది కాబట్టి. టొయోటా మొదట మగ్గాల కంపెనీ. 1930ల్లో జపాన్ రోడ్ల మీద తిరిగేవి అక్కడే బిగించే ఫోర్డ్, జనరల్ మోటార్స్ కార్లు. 1936లో చట్టం చేసి వాళ్లను పక్కకు జరిపారు. యుద్ధం తర్వాత 1950 నాటికి టొయోటా దివాలా అంచున ఉంది. జపాన్‌కి కార్ల పరిశ్రమ ఎందుకు, అమెరికా దగ్గర కొనుక్కుంటే పోలేదా అన్నది అక్కడి కేంద్ర బ్యాంకు గవర్నరే. 1958 ప్రాంతంలో అమెరికాకి పంపిన క్రౌన్ కారు అక్కడి హైవేల వేగానికి తట్టుకోలేకపోయింది, 1960 చివర్లో ఎగుమతి ఆపేశారు. ఆ రోజు మీలాంటి సలహాదారుడు లెక్కవేసి ఉంటే ఏమనేవాడు? ఇరవై ఏళ్లు కాపాడినా చేతకానివాళ్లకి ఇంకా రక్షణ ఎందుకనేవాడు. వాళ్లు 1965 దాకా కార్ల దిగుమతుల మీద పరిమితులు ఉంచారు. చేతికి పట్టు వచ్చాక సుంకాలు తగ్గించుకుంటూ వచ్చి 1978కి సున్నా చేశారు.

దక్షిణ కొరియాకి ఉక్కు ఫ్యాక్టరీ దండగని చెప్పి 1969లో విదేశీ సంస్థలు అప్పు నిరాకరించాయి. జపాన్ ఇచ్చిన నష్టపరిహారం సొమ్ముతో కట్టుకున్నారు, 1973లో పోహాంగ్‌లో ఉత్పత్తి మొదలైంది. జపాన్ కార్లను 1999 దాకా తమ మార్కెట్‌లోకి రానివ్వలేదు.

6. తలకిందులుగా ఉన్న సుంకాలు.

ముడి రేకు మీద సుంకం ఎక్కువ, ఆ రేకుతో చేసిన విడిభాగం మీద తక్కువ, ఆ విడిభాగాలతో బిగించిన వస్తువు మీద ఇంకా తక్కువ. ఇలాంటి వరసలు పట్టికలో ఇప్పటికీ ఉన్నాయి. అంటే తయారుచేసేవాడికి శిక్ష, డబ్బా తెరిచి అమ్మేవాడికి బహుమతి. దీన్ని ఎవరూ కావాలని పెట్టి ఉండరు. ఒక్కో ఏడు ఒక్కో అంకె మార్చుకుంటూ పోతే ఇలా తయారై ఉంటుంది. దీన్ని సరిచేయడానికి సిద్ధాంత చర్చ కూడా అక్కర్లేదు, ఒక పూట కూర్చుంటే చాలు.

ఇక మావైపు వాళ్లు సాధారణంగా చెప్పని సంగతులు. మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి మేమే చెబుతాం.

బ్రెజిల్ 1984లో చట్టం చేసి కంప్యూటర్ల మార్కెట్‌ని ఎనిమిదేళ్లు సొంత కంపెనీలకే కేటాయించింది. అక్కడి జనానికి దక్కింది ఎక్కువ ధర, పాత సరుకు. భారతదేశంలో అంబాసిడర్ కారు 1950ల చివర్లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో మొదలై 2014 దాకా పెద్ద మార్పు లేకుండా వచ్చింది. పోటీ లేనన్నాళ్లూ మార్చే అవసరం రాలేదు. అమెరికా 2018లో వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే వాటి ధర 12 శాతం దాకా పెరిగింది. విచిత్రమేమిటంటే, సుంకమే లేని డ్రయ్యర్ల ధర కూడా పెంచేశారు, రెండూ కలిపి కొంటారు కదా అని. వచ్చిన ఉద్యోగాలు 1,800 ప్రాంతం. కొనేవాళ్ల మీద పడిన భారాన్ని లెక్కిస్తే ఒక్కో ఉద్యోగానికి ఏడాదికి 8 లక్షల డాలర్ల పైన. ఇది రక్షణ కాదు, కంచే చేను మేయడం.

1930లో అమెరికా చాలా సరుకుల మీద ఒక్కసారే సుంకాలు పెంచబోతుంటే 1,028 మంది ఆర్థికవేత్తలు సంతకం చేసి వద్దని బహిరంగ లేఖ రాశారు. వినలేదు. ఎదుటి దేశాలు బదులు తీర్చుకున్నాయి, అసలే మాంద్యంలో ఉన్న వ్యాపారం ఇంకా కుంగింది. ఆ లేఖ రాసినవాళ్లదే ఒప్పు. బహిరంగ లేఖలని చెత్తబుట్టలో వేస్తే ఏమవుతుందో మీ వృత్తివాళ్లకే బాగా తెలియాలి.

ఓడినవాళ్లకీ గెలిచినవాళ్లకీ తేడా సుంకంలో లేదు, దాని వెనక షరతులో ఉంది. కొరియాలో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ ప్రతినెలా ఎగుమతుల సమావేశానికి స్వయంగా కూర్చునేవాడు. ఎగుమతి చేసి చూపించిన కంపెనీకే అప్పు, లైసెన్సు. బ్రెజిల్‌లో అలా అడిగేవాడు లేడు. ఇంటి మార్కెట్‌లో ఊరట దొరికినవాడు బయటి మార్కెట్‌లో పరీక్ష రాయాలి. మేం ఆ పరీక్షే అడుగుతున్నాం.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. రక్షణ ఇచ్చే ప్రతి సరుకుకీ గడువు అదే ఉత్తర్వులో రాయండి. నాలుగేళ్లు పెట్టి, ఏటా తగ్గించుకుంటూ రండి. ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ రక్షణ చర్యల ఒప్పందం మొదట నాలుగేళ్లు, పొడిగింపుతో కలిపి ఎనిమిదేళ్ల దాకా అనుమతిస్తుంది, మెల్లగా తగ్గించాలని కూడా చెబుతుంది. 1983లో అమెరికా పెద్ద మోటార్ సైకిళ్ల మీద సుంకాన్ని 4.4 నుంచి 49.4 శాతానికి పెంచింది, అయిదేళ్లలో దిగిపోయేలా. హార్లీ డేవిడ్సన్ ఏడాది మిగిలి ఉండగానే, 1987లో, ఇక మాకు అక్కర్లేదని తానే చెప్పింది. అది కోలుకోవడానికి సుంకం ఎంత కారణమన్న దాని మీద మీలో మీకే తగాదా ఉంది, ఉండనివ్వండి. గడువు రాసి ఉంటే కంపెనీ క్యాలెండర్ చూసుకుంటూ పనిచేస్తుంది.

రెండు. రక్షణ పొందే కంపెనీలు ఏటా ధరలు, ఉద్యోగాలు, ఎగుమతులు, కొత్త మెషీన్ల మీద పెట్టిన ఖర్చు బయటపెట్టాలి. పోటీ తగ్గిందని ధర పెంచి, లాభం వాటాదారులకు పంచేసి, పాత మెషీన్లతోనే నడిపితే గడువు దాకా ఆగకుండా సుంకం ఎత్తేయండి. మేం పనిచేసే కంపెనీయే అయినా సరే.

మూడు. తలకిందుల వరసలు సరిచేయండి. ముడిసరుకు మీద తక్కువ, విడిభాగం మీద దానికన్నా ఎక్కువ, తయారైన వస్తువు మీద ఇంకా ఎక్కువ. 2002లో అమెరికా ఉక్కు మీద 30 శాతం దాకా వేసి 2003 డిసెంబరులో వెనక్కి తీసుకుంది. అది చెల్లదని ప్రపంచ వాణిజ్య సంస్థ చెప్పింది, ఉక్కు చేసేవాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న, ఉక్కుతో చేసేవాళ్లూ గోల పెట్టారు. అలాగే మనం చేయని మెషీన్ల మీద, కొలత పరికరాల మీద సుంకం వద్దు. మంచి గ్రైండింగ్ మెషీన్ లేకుండా మేం డై చేయలేం.

నాలుగు. ఇది మాకు అన్నిటికన్నా ముఖ్యం. కారుచౌకగా కుమ్మరించే సరుకు మీద ఫిర్యాదు చేయాలంటే దేశంలో ఆ సరుకు ఉత్పత్తిలో కనీసం 25 శాతం చేసేవాళ్లు మద్దతివ్వాలి. పెద్ద కంపెనీకి అది ఒక సంతకం. వందల షెడ్లలో చెదిరి ఉన్న మాలాంటివాళ్లకి ఆ 25 శాతాన్ని కూడగట్టడమే ఏడాది పని. వకీళ్ల ఫీజులు, ఎదుటి దేశంలో ధర ఎంతో రుజువుచేసే కాగితాలు మా వల్ల అయ్యేవి కావు. విచారణ మొదలైతే ఏడాది, గట్టిగా పట్టుకుంటే పద్దెనిమిది నెలలు. అప్పు వాయిదాలు అన్ని నెలలు ఆగవు. ఇలా కుమ్మరించడం మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఉన్న యాంటీ డంపింగ్ ఒప్పందంలో, ప్రత్యేక పరిస్థితుల్లో అధికారులు తామే విచారణ మొదలుపెట్టవచ్చని ఉంది. విచారణ మొదలైన 60 రోజుల తర్వాత తాత్కాలిక సుంకం వేయవచ్చని ఉంది. చిన్న పరిశ్రమల విషయంలో ఈ రెండు వెసులుబాట్లూ వాడండి. ఓడరేవులో దిగే ప్రతి సరుకు ధరా ముందుగా కనిపించేది మీకే. రేకు ధరకన్నా తక్కువకి రేకు వస్తువు దిగుతుంటే అది మేం వచ్చి చెప్పేదాకా ఎందుకు ఆగాలి?

అయిదు. సుంకం వల్ల వచ్చే రాబడిలో కొంత భాగం అప్రెంటిస్‌ల జీతానికి కేటాయించండి. కాలేజీ భవనాలకి వద్దు. చేయి తిరిగిన మనిషి పక్కన కుర్రవాడు నిలబడే అయిదేళ్లకి జీతం ఇవ్వండి. ఆ ఖర్చు ఏ చిన్న షెడ్డూ భరించలేదు. నేర్పిన మర్నాడు పెద్ద కంపెనీ ఎత్తుకుపోతుందన్న టెన్షన్ వేరే.

సుంకం పెరిగితే కొన్ని వస్తువుల ధర పెరుగుతుంది. పెరగదని మేం అబద్ధం చెప్పం. ఎంత పెరుగుతుందో, ఎన్నాళ్లో, దానికి బదులుగా ఏం వస్తుందో ఉత్తర్వులోనే రాసి జనం ముందు పెట్టండి. చూసి వాళ్లే చెబుతారు.

ఈ అయిదింటి మీద మాకు రాతపూర్వకంగా, విడివిడిగా జవాబు కావాలి. కాదంటే ఏ లెక్క ప్రకారం కాదో కూడా రాయండి. విచారణకి పిలిస్తే ఖర్చులు మావే పెట్టుకుని వస్తాం. తుక్కులో పోకుండా ఒక డై మేం తిరిగి కొనుక్కున్నాం, తూకం ధరకే. అదీ తెచ్చి, మీ టేబుల్ మీదే కాగితం పెట్టి చూపిస్తాం. కాస్త తొందరగా పిలవండి. మా నలుగురిలో చిన్నవాడికి 54.

ఇట్లు,
టూల్‌రూమ్‌లో మిగిలిన నలుగురం